తుపానులో సైకిల్

మునగాలలో పొద్దున్నే అరగంట సైకిల్ తొక్కడం నాకున్న ఒక్కగానొక్క సరదా. 2023 డిసెంబరు 5న, మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజు కూడా బయల్దేరాను. "ముసురులో షికారేందమ్మా?" అంది అత్తమ్మ. వింటేగా!

సాగర్ ఎడమ కాలువ కట్ట మీద ఎదురుగాలి. ఎంత తొక్కినా బండి కదలదు, జల్లు కళ్లలో కొడుతోంది. కట్ట దిగితే కల్లంలో ఒకామె, వడ్ల కుప్ప మీద పట్టా కప్పలేక ఒక్కతే తిప్పలు పడుతోంది. సైకిల్ పడేసి రెండు కొసలు పట్టుకున్నాను. రాళ్లు పెట్టాం.

"ఎటు పోతున్నవక్కా?" అంది.

సరదాకి అని చెప్పడానికి నోరు రాలేదు. "ఊరికే" అన్నాను.

వచ్చేటప్పుడు గాలే తోసింది. అత్తమ్మ తువ్వాలిచ్చి, "వాళ్ల వడ్లు తడిసినయా?" అని అడిగింది.

అంచున కొంచెం, అన్నాను.