కోపానికీ ఓ మత్తడి

ఇసుక మీద గుడి కడితే నిలుస్తుందా?

ఓరుగల్లు సీమలో నిలిచింది. ఒకటీ రెండూ కాదు, ఎనిమిది వందల ఏళ్లు! పునాది గోతిని ఇసుకతో నింపి, ఆపైన రాళ్లు పేర్చి గుళ్లు లేపారు కాకతీయుల కాలపు శిల్పులు. కింద నేల అదిరితే ఆ అదురును ఇసుక చాలావరకు తనలోనే ఇముడ్చుకుంటుంది. కదలికను అడ్డుకోలేదు వాళ్లు. దానికి చోటిచ్చారు, అంతే.

ఇంట్లో ఓ చిచ్చరపిడుగు ఉన్న అమ్మానాన్నలు వరంగల్ వెళ్లినప్పుడు గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇదే. పిల్లల కోపం, ఏడుపు, పట్టలేని ఉత్సాహం... ఇవన్నీ నేల అదురు లాంటివే. రావద్దంటే ఆగవు. వచ్చినప్పుడు ఏం చేయాలో నేర్పడమే పెద్దల పని. అందుకు ఈ ఏకశిలా నగరాన్ని మించిన బడి ఏముంటుంది? ఓ ఆదివారం బయల్దేరండి మరి!

ముందు కోట... తర్వాతే గుడి

చాలామంది హన్మకొండలోని వేయిస్తంభాల గుడితో మొదలుపెడతారు. పిల్లలుంటే ఆ వరస మార్చండి. పొద్దున్నే, ఎండ ముదరకముందే ఖిలా వరంగల్ చేరండి. గణపతిదేవుడు మొదలుపెట్టి రుద్రమదేవి పూర్తి చేసిన కోట ఇది. బయట మట్టిగోడ, లోపల రాతిగోడ, మధ్యలో బోలెడంత మైదానం. బస్సులోనో రైల్లోనో రెండు మూడు గంటలు కుదురుగా కూర్చుని వచ్చిన పిల్లాడి ఒంట్లో ఉన్న ఊపంతా ఇక్కడ తీరనివ్వండి. పరిగెత్తనివ్వండి. ఏకశిల గుట్ట ఎక్కనివ్వండి. పైకి చేరాక ఆయాసం తగ్గేదాకా ఊపిరి లెక్కపెట్టమనండి. గుండె దడ నెమ్మదించడం అంటే ఏమిటో వాడికి ఒంటితో తెలుస్తుంది. కోపం వచ్చినప్పుడూ ఆ గుండె అలాగే కొట్టుకుంటుంది, అలాగే నెమ్మదిస్తుంది అని అప్పుడు చెబితే చప్పున అర్థమవుతుంది.

ఇప్పుడు కోట మధ్యకు రండి. స్వయంభూ శివాలయ శిథిలాల చుట్టూ నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలు. తెలంగాణ రాజముద్రలో కనిపించేది ఈ తోరణమే. ఇక్కడ ఓ ఆట ఆడొచ్చు. అమెరికాలో లియా కైపర్స్ అనే నిపుణురాలు 2011లో పిల్లల మనోస్థితులను నాలుగు రంగులుగా విడదీసి ఓ పుస్తకం తెచ్చారు. దిగులు, అలసట ఉంటే నీలం. హాయిగా, కుదురుగా ఉంటే ఆకుపచ్చ. కంగారు, ఉబలాటం పసుపు. పట్టలేని కోపమో భయమో అయితే ఎరుపు. ఒక్కో తోరణానికి ఒక్కో రంగు పేరు పెట్టండి. ‘ఇప్పుడు నువ్వు ఏ తోరణం దగ్గరున్నావు?’ అని అడగండి. వాడు పరుగున వెళ్లి నిలబడతాడు. మీరూ వెళ్లి మీ తోరణం దగ్గర నిలబడాలి సుమా! పొద్దుట్నుంచీ డ్రైవింగ్ చేసిన నాన్న నీలం దగ్గరో పసుపు దగ్గరో ఉండొచ్చు. ఏ రంగూ చెడ్డది కాదు. ఎక్కడున్నామో తెలిస్తేనే కదా అక్కడి నుంచి కదిలేది!

కోట బయట ఐస్‌క్రీమ్ బండి కనిపిస్తుంది. పేచీ మొదలయ్యేది అక్కడే. ‘ఊకో... అందరూ చూస్తున్నరు’ అని గదమాయిస్తాం. లేదంటే ‘తిరిగొచ్చేటప్పుడు కొనిస్తా’ అనేసి వేరే దారిన పోతాం. రెండోది మరీ ప్రమాదం. అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో జరిగిన ఓ అధ్యయనం 2012లో వెలుగులోకి వచ్చింది. చిన్నపిల్లల ముందు ఓ మిఠాయి పెట్టి, కాసేపు ఆగితే రెండోది ఇస్తామన్నారు. అంతకుముందే తమకిచ్చిన మాట నిలబెట్టుకున్న పెద్దల దగ్గర పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన వాళ్ల దగ్గర ఆగింది 3 నిమిషాలే! ఓర్పు పిల్లల గుణం ఒక్కటే కాదు, పెద్దల మాట మీద నమ్మకం కూడా. కొనిస్తానంటే కొనివ్వండి. కొనే ఉద్దేశం లేకపోతే ముందే లేదని చెప్పండి.

వద్దు అనకుండా...

ఇక వేయిస్తంభాల గుడి. 1163లో రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం ఇది. శివుడు, విష్ణువు, సూర్యుడు కొలువైన చోటు. ఉరకొద్దు, అరవొద్దు, ముట్టుకోవద్దు... గుడిలో అడుగుపెట్టగానే పిల్లల చెవిన పడేవన్నీ వద్దులే. చేయకూడనిది చెబితే పిల్లలకు సగమే తెలుస్తుంది. చేయాల్సింది కూడా చెప్పాలి. ‘స్తంభాలు లెక్కపెట్టు’, ‘నీ మొహం కనిపించేంత నున్నని రాయి ఎక్కడుందో వెతుకు’ అనండి. ఇందాక కోటలో ఉరికిన కాళ్లు ఇక్కడ వాటంతట అవే నెమ్మదిస్తాయి.

పక్కనే ఉన్న కల్యాణ మండపాన్నీ చూపించండి. ఒరిగిపోతుంటే రాళ్లన్నీ విప్పదీసి, ఏళ్ల తరబడి శ్రమించి తిరిగి నిలబెట్టారు. 2024 మార్చిలో తెరుచుకుంది. అన్నాచెల్లెళ్లు కొట్టుకున్నా, అమ్మ విసుక్కుని చేయెత్తినా మాటలతో మళ్లీ కట్టుకోవచ్చని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. ‘ఇందాక గట్టిగా అరిచాను, నీకు భయమేసింది కదూ?’ అని పెద్దవాళ్లు ముందు అంటే, రేపు ఆ మాట పిల్లలకూ వస్తుంది.

ఏనుగుల సేనాని రాసిన నాట్యం

మరో పూట చేతిలో ఉంటే ములుగు జిల్లా పాలంపేట వెళ్లండి. వరంగల్ నుంచి సుమారు 70 కిలోమీటర్లు. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రామప్ప గుడి 2021లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. మనం మొదట చెప్పుకున్న ఇసుక పునాదికి పేరెన్నికగన్నది ఇదే.

గుడి గోడల నిండా నాట్య భంగిమలే. ఇదే గణపతిదేవుడి దగ్గర గజబలానికి అధిపతిగా ఉన్న జాయప సేనాని 13వ శతాబ్దపు నడుమ ‘నృత్త రత్నావళి’ రాశాడు. ఏనుగుల దళపతి నాట్యశాస్త్రం రాయడమేమిటి అనిపిస్తుంది. ఆలోచిస్తే వింతేం కాదు. రెండిట్లోనూ ఉన్నది బలాన్ని అణచడం కాదు, అదుపున నడపడం. ఆ గ్రంథాన్నీ ఈ శిల్పాలనూ పరిశోధించే 20వ శతాబ్దంలో డాక్టర్ నటరాజ రామకృష్ణ పేరిణి శివతాండవానికి మళ్లీ ప్రాణం పోశారు. యుద్ధానికి వెళ్లే వీరులు శివుడి ముందు ఆడేవారని చెప్పే నాట్యం ఇది. ఎంత ఆవేశమున్నా అడుగు తాళం తప్పకూడదు. ఆగమన్న చోట ఆగాలి. కుదురుండని పిల్లాడికి ఇంతకన్నా ఏం కావాలి? పేరిణే అక్కర్లేదు. డప్పు, కోలాటం, కర్రసాము... ఊపుకి ఓ తాళం దొరికితే చాలు.

గుడికి దగ్గర్లోనే రామప్ప చెరువు. కట్ట మీద నిలబడి పిల్లలకు మత్తడి చూపించండి. కోస్తాలో అలుగు అంటారు. చెరువు నిండాక మిగులు నీళ్లు పారే దారి అది. మంచి వాన పడితే మత్తడి దుంకుతుంది. ఊరంతా సంబరంగా చూడ్డానికొస్తుంది. మత్తడి లేని చెరువైతే? కట్ట తెగుతుంది!

కట్ట తెగకముందే

ఇది మాటవరసకు చెప్పే సంగతి కాదు. 1959లో ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాల, 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం వచ్చిన వరంగల్ చదువుల ఊరు. పొరుగు జిల్లాల నుంచీ పిల్లలొచ్చి హాస్టళ్లలో ఉంటారు. మార్కుల గురించి ఇంటికి ఫోన్ చేస్తారు. మనసు గురించి చేయరు. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల తర్వాత రాష్ట్రంలో ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఒక్కో విషాదం వెనుక ఎన్నో కారణాలుంటాయి, ఎవరి మీదా తీర్పు చెప్పలేం. కానీ ‘నాకు భయంగా ఉంది’ అని చెప్పుకోగలిగే అలవాటు పదిహేడో ఏట ఒక్కసారిగా రాదు. అయిదో ఏట ఐస్‌క్రీమ్ బండి దగ్గర ఏడ్చినప్పుడు మనం ఏమన్నామో, అక్కణ్నుంచే మొదలవుతుంది.

ఆవేశాన్ని అదుపు చేసే మెదడు ముందు భాగం పూర్తిగా ఎదగడానికి పాతికేళ్లు పడుతుందంటారు శాస్త్రవేత్తలు. అందాకా పిల్లలు పెద్దవాళ్ల నెమ్మదిని అరువు తెచ్చుకోవాల్సిందే. వాడు ఏడుస్తున్నప్పుడు పక్కన కూర్చుని, గొంతు తగ్గించి, ‘కోపమొచ్చిందా?’ అని అడగడమే మీరిచ్చే అరువు. పాఠాలు చెప్పడం ఏడుపు ఆగాక! మీ ఒక్కరి వల్ల కాదనిపిస్తే, పిల్లల దిగులు వారాల తరబడి వీడకపోతే టెలిమానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడతారు. ఆపదలో ఉన్న పిల్లలకు 1098 ఉండనే ఉంది.

వరంగల్ నుంచి ఇంటికొచ్చాక పిల్లలకు రాజుల పేర్లు గుర్తుండకపోవచ్చు. ఫర్వాలేదు. ఈసారి పేచీ వచ్చినప్పుడు ‘అమ్మా, నేను ఎర్ర తోరణం దగ్గరున్నా’ అన్నాడనుకోండి... ఆ ప్రయాణం ఖర్చు రాబట్టుకున్నట్టే!