మా జావ గారి రిలాక్సేషన్ టైము

మా ఇంట్లో ఒక పిల్లి ఉంది. పేరు జావా. పెట్టింది నేనే (ఏం చేస్తాం, వృత్తి ధర్మం!). మా నాన్న మాత్రం మొదటి రోజే దాని వాలకం చూసి, "ఇది జావా కాదురా, జావ" అని తేల్చేశారు.

నిజమే. ఎత్తుకుంటే సగం ఇటూ సగం అటూ కారిపోతుంది. అట్టపెట్టెలో దూరితే అట్టపెట్టె ఆకారం, బేసిన్లో దూరితే బేసిన్ ఆకారం. వెల్లకిలా పడుకుని పొట్టని ఫ్యానుకి ఆరబెట్టి, నాలిక కొస లోపల పెట్టుకోడం మర్చిపోయి నిద్రపోతుంది. పక్కనే కుక్కరు అయిదు కూతలు కూసినా ఒక చెవి మాత్రం కదులుతుంది, అంతే. అదే అమ్మ నెత్తళ్ళ కవరు విప్పిందా, మరుక్షణం వంటింట్లో ప్రత్యక్షం! రోజుకి పన్నెండు నుంచి పదహారు గంటల నిద్ర పిల్లులకి మామూలేనట. మా జావ ఓవర్‌టైం కూడా చేస్తుంది.

అసలు సంగతి మా నాన్నది. ఆయన వైజాగ్ స్టీల్ ప్లాంటులో, బ్లాస్ట్ ఫర్నేసు దగ్గర ముప్పయ్యేళ్ళ పైన పనిచేసి రెండేళ్ళ క్రితం రిటైరయ్యారు. అక్కడి ఫర్నేసుల పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. వినడానికి చల్లగా ఉంటాయి గానీ, లోపల కరిగిన ఇనుము దాదాపు 1500 డిగ్రీలు. ఏ ఊళ్ళో అయినా ఫర్నేసుని ఒకసారి వెలిగిస్తే వీలైనంత వరకూ ఏళ్ళ తరబడి ఆర్పరు. అందుకే మనుషులే ఏ, బీ, సీ షిఫ్టులుగా మారుతుంటారు.

ఉద్యోగం అయిపోయింది గానీ ఆయన ఒంట్లో ఫర్నేసు ఆరలేదు. తెల్లారుజామున నాలుక్కే లేచి, గెడ్డం గీసుకుని, ఎక్కడికీ వెళ్ళే పని లేక వరండాలో పచార్లు. కూర్చోమంటే రెండు నిమిషాలు, మళ్ళీ లేవడం. బీపీ పెరిగింది. "ఏం చేయాలో తెలీట్లేదురా" అని ఒకసారి అన్నారు. ఆయన నోట ఆ మాట వినడం నాకదే మొదటిసారి. ఏమీ చెప్పలేకపోయాను.

మొన్న నా ఆన్‌కాల్ వారంలో రాత్రి రెండింటికి సర్వరు పడుకుంది. అది లేచేసరికి నాలుగున్నర. బయటికొచ్చి చూస్తే వరండా కుర్చీలో నాన్న, ఒళ్ళో జావ.. వెల్లకిలా! తొక్కితే పొట్ట పగిలే ప్రాణి, ఆ పొట్టే పైకి పెట్టి పడుకుందంటే ఎంత నమ్మకం ఉండాలి?

"ఇక్కడున్నారేంటి నాన్నా?" అన్నా.

"ష్.. లెగితే ఇది లెగిసిపోద్దిరా" అన్నారు గుసగుసగా. గంట నుంచి కదల్లేదట!

ఆయన పక్కనే కూర్చుని చిన్న గొంతుతో ఒక కథ చెప్పా. పిల్లి ఘనమా ద్రవమా అని లెక్కలు కట్టినందుకు ఫార్డిన్ అనే ఫ్రాన్సు శాస్త్రవేత్తకి 2017లో ఇగ్ నోబెల్ ఇచ్చారు. నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే బహుమతి అది. ఏ పదార్థానికైనా ఒత్తిడి వదిలించుకుని కొత్త చోట సర్దుకోడానికి కొంత సమయం పడుతుంది, దాన్నే రిలాక్సేషన్ టైము అంటారు. మనం అంతకంటే ఎక్కువసేపు ఓపిగ్గా చూస్తే అది ద్రవంలా కనిపిస్తుంది, తొందరపడి చూస్తే ఘనంలా.

కరిగిన ఇనుముతో ముప్పయ్యేళ్ళు కాపురం చేసిన మనిషికి నేను ద్రవాల గురించి చెప్పడం! ఆయన అంతా విని, జావ పొట్ట మీద చెయ్యి వేసి, "మరి నా రిలాక్సేషన్ టైమెంతరా?" అన్నారు.

"రెండేళ్ళు చూశాం కదా, ఇంకొంచెం చూద్దాం" అన్నా.

నవ్వారు. కాసేపటికి మాట ఆగిపోయింది. చూస్తే తల పక్కకి వాల్చి నిద్రపోతున్నారు, నోరు కొంచెం తెరిచి.. అచ్చం జావలాగే.

ఇంతలో నా ఫోన్ మళ్ళీ మోగింది. జావ చెవి ఒకటి కదిలింది. నాన్న కదల్లేదు. ఫోన్ నొక్కేసి, పిల్లిలా అడుగులేసుకుంటూ లోపలికొచ్చా.

నా రిలాక్సేషన్ టైము సంగతంటారా? ముందు ఆ సర్వరు సంగతి చూడాలి. ఉంటా మరి.