రెండిళ్లు, రెండు రకాల కిటికీలు

కిటికీలు మార్చాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది చదరపు అడుగు ఎంత అని. అంతకంటే ముందు ఆ ఇంటికి ఎలాంటి కిటికీ పొసగుతుందో తేల్చుకోవాలని నా అభిప్రాయం. కొన్నేళ్ల తేడాలో రెండిళ్లకు కిటికీలు బాగుచేయించాను. ఒకటి హైదరాబాద్‌లో మేముంటున్న ఫ్లాటు, రెండోది కోనసీమలో నాన్నగారి మండువా లోగిలి. ఫ్లాటుకు యూపీవీసీ, మండువా ఇంటికి టేకు. రెండుచోట్లా ఇంటి తీరును బట్టి ఎంచుకోబట్టే డబ్బు కలిసొచ్చింది.

ఫ్లాటు సంగతి తేలిక. మెయిన్ రోడ్డు పక్కనే ఉంటుంది. బిల్డరు పెట్టిన అల్యూమినియం స్లైడింగ్ కిటికీల రోలర్లు అరిగిపోయాయి, సందుల్లోంచి దుమ్ము, హారన్ల మోత. గోడలు మట్టంగా ఉన్నాయి కాబట్టి కొలత ఇచ్చి చేయించే యూపీవీసీ ఇట్టే అమరింది. రోడ్డు వైపు పడగ్గదులకు తలుపులా తెరుచుకునే కేస్‌మెంట్ రకం తీసుకున్నాను. మూసినప్పుడు రెక్క చుట్టూ రబ్బరు పట్టీ మీద బిగుసుకుంటుంది కాబట్టి స్లైడింగ్ కంటే మోతను బాగా ఆపుతుంది. ఆ గదులకే లామినేటెడ్ గ్లాసు వేయించి, మిగతా గదులకు మామూలు గ్లాసుతో సరిపెట్టాను. ఫ్రేము లోపల ఇనుప పట్టీ ఎంత మందమో కొటేషన్లోనే రాయించుకున్నాను, ఎందుకంటే గాలివానకు వంగకుండా నిలబెట్టేది అదే. బయటి రంగు మిగతా ఫ్లాట్లతో కలవాలని అసోసియేషన్ నిబంధన, తెల్లదే తీసుకున్నాం.

మండువా ఇంటి దగ్గర అసలు చర్చ మొదలైంది. పద్నాలుగు కిటికీలు. తమ్ముడు ఫోన్లో, "అన్నయ్యా, అన్నీ పీకేసి యూపీవీసీ పెట్టించేద్దాం. ఇక పాతికేళ్లు చూసుకోనక్కర్లేదు" అన్నాడు. వాడి మాట కొట్టిపారేయదగ్గది కాదు. అమ్మానాన్నలకు వయసు మీద పడింది, ఏడాదికోసారి మేస్త్రి వెంట తిరగడం వాళ్లవల్ల కాదు. అందుకే లెక్క కాగితం మీద పెట్టాను.

ఒక్కో కిటికీ మూడడుగుల వెడల్పు, నాలుగున్నర ఎత్తు. మొత్తం 189 చదరపు అడుగులు. అడుగుకు 750 రూపాయలు చెప్పారు. 18 శాతం జీఎస్టీతో 1,67,000 దాటింది. పాత చట్రాలు గోడలో పాతుకుని ఉన్నాయి, అవి ఊడబీకితే చుట్టూ సున్నపు గోడ పెళ్లలుగా రాలుతుంది. ఆ గోడపనికి కిటికీకి 2,500 చొప్పున 35,000. మొత్తం రెండు లక్షల పైమాట. పద్నాలుగూ కొత్త టేకుతో చేయిస్తే 2,94,000 అవుతుందన్నారు. ఈ రెండింటి మధ్యే ఎంచుకోవాలంటే తమ్ముడిదే గెలుపు.

కానీ ఆ కిటికీలు చేసే పనిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. పైన రెండు రెక్కలు, కింద రెండు రెక్కలు, మధ్యలో నిలువు ఊచలు. కింది రెక్కలు మూసి పైవి తెరిస్తే వీధిలో వాళ్లకు లోపలి మనిషి కనపడడు, గాలి మాత్రం గదిలోంచి మండువాలోకి సాగిపోతుంది. స్లైడింగ్ పెడితే ఎంత తెరిచినా సగమే తెరుచుకుంటుంది. గాలి తగ్గితే ఏసీ అవసరమవుతుంది, దాంతో కరెంటు బిల్లు పెరుగుతుంది. పైగా పాత గోడల్లో ఏ కన్నమూ సరిగ్గా మూలమట్టంగా ఉండదు. సూటిగా ఉండే ప్లాస్టిక్ ఫ్రేమును అందులో పెడితే చుట్టూ మిగిలే సందులన్నీ సిలికాన్‌తో పూడ్చుకోవాలి.

ఊళ్లో వడ్రంగి మేస్త్రిని పిలిపించాను. ఆయన ఉలి మొనతో ప్రతి చట్రాన్నీ పైనుంచి కిందికి పొడుచుకుంటూ వెళ్లారు. మంచి చెక్క మీద మొన దిగలేదు, కణ్మంది. వాన కొట్టే పడమటి వైపు కిటికీల అడుగు చెక్కలో మాత్రం బెత్తెడు లోతు దిగి, తడి పొట్టు రాలింది. "ఆయ్, పైదంతా రాయిలా ఉందండి. ఈ అడుగు చెక్క కోసం మొత్తం పీకేత్తారేంటండి?" అన్నారు. తేలిందేమిటంటే తొమ్మిది కిటికీలకు కుళ్లిన మేర కోసి అతుకు వేస్తే చాలు, ఐదింటిని పూర్తిగా మార్చాలి. ఆ ఐదింటికి పాత ఇళ్లు పడగొట్టినప్పుడు అడితికి వచ్చే టేకు వాడదామన్నారు. ఎప్పుడో ఆరిపోయిన కలప కాబట్టి ఇకముందు వంకర పోదు, కొత్తదానికంటే చవక. లోపల విరిగిన మేకులూ చెదల బొక్కలూ లేకుండా ఒక్కో దూలం ఆయనే చూసి ఏరారు.

తొమ్మిదింటి మరమ్మతు 40,500. ఐదు కొత్తవి, ఒక్కోటి 14,000 చొప్పున 70,000. నూనె, దోమతెరలు 20,000. మొత్తం 1,30,500. యూపీవీసీ కంటే సుమారు 72,000 తక్కువ. ఆ మిగులును ఖర్చు పెట్టకుండా అమ్మ పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ వేశాం. అప్పటి 7 శాతం వడ్డీకి ఏడాదికి ఐదు వేలొస్తాయి. నూనె పూయించడానికీ మేస్త్రి కూలికీ అవే సరిపోతాయి. తమ్ముడి భయం తీరింది కూడా దీనితోనే. చెక్కకు పోషణ ఖర్చు ఉంటుంది, కాదనను. దాన్ని ముందే పక్కన పెడితే అది భారమనిపించదు.

ఇంటి మరమ్మతుకు అప్పు దొరుకుతుంది కదా అని కొందరు బంధువులు సలహా ఇచ్చారు. మనం ఉండే ఇంటి మరమ్మతు కోసం తెచ్చిన అప్పు వడ్డీ మీద పన్ను మినహాయింపు ఏడాదికి 30,000 వరకే, అదీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. ఆ కాస్త కోసం అప్పు చేయడం అనవసరమని, గడువు తీరిన రికరింగ్ డిపాజిట్‌తో పని కానిచ్చాం.

కిటికీల కొటేషన్ తెప్పించుకునే ముందు మూడు పనులు చేయండి. ఉలి తెలిసిన మనిషితో ఏది నిజంగా పాడైందో చూపించుకోండి. మీ ఇంటి గోడ, గాలి, వాన, వీధి మోత ఎటునుంచో రాసుకోండి. ధరతో పాటు వచ్చే ఇరవై ఏళ్ల పోషణ ఖర్చు పక్కనే వేసుకోండి. ఇంటికి పొసగే కిటికీ కొన్నిసార్లు ఖరీదైనదే కావచ్చు. అయినా పొసగని కిటికీకి ఎంత తక్కువ ఇచ్చినా ఆ తేడాను కరెంటు బిల్లుగానో గోడ మరమ్మతుగానో మళ్లీ కట్టాల్సి వస్తుంది.