పంజరంలో చిలుక ఎన్నేళ్లు బతుకుతుంది?

రామచిలుకను సరిగ్గా పోషిస్తే 25 నుంచి 30 ఏళ్లు బతుకుతుంది. విదేశాల్లో ఇళ్లలో పెంచుకునే కాకటీల్ ఆయుష్షు 15 నుంచి 20 ఏళ్లు, ఆఫ్రికన్ గ్రేది 40 నుంచి 60. చికాగో దగ్గరి బ్రూక్‌ఫీల్డ్ జూలో కుకీ అనే కాకటూ 2016లో 83 ఏళ్ల వయసులో చనిపోయింది. ఉద్యోగాల కోసం దేశాలు మారే ప్రవాస కుటుంబాలు ముందే ఆలోచించుకోవలసిన లెక్క ఇది. పిల్లలు చదువులకు వెళ్లిపోయాక కూడా గ్రేని చూసుకునే మనిషి ఇంట్లో ఉండాలి. 2017 నుంచి ఆ జాతికి వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం కింద అత్యున్నత రక్షణ ఉంది కాబట్టి, అనుమతి పత్రాలు లేకుండా దాన్ని దేశం దాటించడం కుదరదు.

పెంపుడు చిలుకల ఆయుష్షును ఎక్కువగా హరించేది తిండే. పొద్దుతిరుగుడు గింజలే పెడితే కాలేయానికి కొవ్వు పడుతుంది, విటమిన్ ఎ తగ్గి ఊపిరితిత్తుల జబ్బులు వస్తాయి. పెల్లెట్లు, ఆకుకూరలు, క్యారెట్, చిలగడదుంప ప్రధానంగా ఉండాలి. మిరపకాయ కూడా మంచిదే. మిరపకు పేరున్న నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతంలో పుట్టి పెరిగినవారికి చిలుక మిరపకాయ కొరకడం కొత్త కాదు. కారం పుట్టించే క్యాప్సైసిన్ మంట పక్షుల నాడులకు తెలియదు. అయితే పచ్చడి కలిపిన మెతుకులు పెట్టకూడదు, అందులోని ఉప్పు హాని చేస్తుంది. అవకాడో, చాక్లెట్, కాఫీ చిలుకకు విషం.

చలిదేశాల తెలుగు ఇళ్లలో మరో పెద్ద ప్రమాదం దోసెల పెనం. నాన్‌స్టిక్ పూత ఉన్న పెనాన్ని పొయ్యి మీద మరిచిపోతే, అతిగా వేడెక్కిన పూత నుంచి వచ్చే ఆవిరి చిలుకను నిమిషాల్లో చంపగలదు. మనుషులకు వాసన కూడా తెలియకపోవచ్చు. శీతాకాలంలో కిటికీలన్నీ మూసి ఉంటాయి కాబట్టి ముప్పు ఇంకా ఎక్కువ. పంజరం వంటింటికి దూరంగా ఉండాలి, పెనం ఇనుముదైతే మేలు.

రాత్రిపూట 10 నుంచి 12 గంటల పాటు చీకటి, పగలు మనుషుల తోడు తప్పనిసరి. ఒంటరైన చిలుక తన ఈకలు తానే పీక్కుంటుంది. వేటాడే జీవులకు చిక్కకుండా జబ్బును దాచుకోవడం దాని స్వభావం. ఈకలు ఉబ్బించి మందకొడిగా కూర్చుందంటే అప్పటికే జబ్బు ముదిరినట్టు. అందుకే వారానికోసారి వంటింటి త్రాసు మీద గ్రాముల్లో తూచాలి. బరువు తగ్గితే పక్షుల వైద్యుడికి వెంటనే చూపించాలి.

ఈ పోషణంతా పంజరాల్లోనే పుట్టి పెరిగిన పక్షులకు సంబంధించింది. చెట్టు తొర్రలోంచి రామచిలుక పిల్లను తీసి పెంచడం నందిగామలోనైనా, దేశంలో మరెక్కడైనా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. 2022 సవరణతో రామచిలుక ఆ చట్టం రెండో షెడ్యూలులోకి చేరింది. గాయపడిన చిలుక దొరికితే అటవీ శాఖకు అప్పగించాలి.