తుక్కు యార్డులో ఆటోనగర్

శాక్రమెంటో శివార్లలో ఓ తుక్కు యార్డుంది. గేటు దగ్గర టికెట్ కొనాలి, పానాలు మనమే తెచ్చుకోవాలి, కావలసిన పార్టు మనమే విప్పుకోవాలి. నాది 1990 మాజ్డా మియాటా. రెండు సీట్లు, తెరిచే టాపు, అలసిపోయిన 1.6 లీటర్ ఇంజిను. 1994 నుంచి వచ్చిన 1.8 ఇంజిను అందులో కూర్చోబెట్టాలని ఆర్నెల్లుగా ఒకటే పిచ్చి!

చక్రాల్లేని కార్లు ఇనప స్టాండ్ల మీద వరసగా ఉన్నాయి. నాలుగో వరసలో దొరికింది, 1995 మియాటా. వెనక నుజ్జయింది కానీ, ముందు భాగం చెక్కుచెదరలేదు.

నాన్నకి వీడియో కాల్ చేశా. బెజవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు లారీ ఇంజిన్లు దించిన మనిషి. అక్కడ రాత్రి తొమ్మిదిన్నర.

"ఏమేం కావాలో రాసుకున్నావా?"

"ఇంజిను సరిగ్గా కూర్చుంటుంది నాన్నా. పాత గేరుబాక్సే పడుతుంది."

"మరి వైరింగు?"

నాకు మాట రాలేదు. 1.8కి కంప్యూటరు వేరు, గాలి కొలిచే మీటరు వేరు. పైగా కాలిఫోర్నియా రూలు ప్రకారం ఇంజిను కారుకన్నా పాతది కాకూడదు, దాని పొగ నియంత్రణ సామానంతా ఉండాలి, రిఫరీ చూసి లేబుల్ వేయాలి.

"ఇవాళ ఇంజిను ముట్టుకోకు. ముందు వైర్లు తియ్యి, ప్రతిదానికీ చీటీ కట్టు. విప్పడం ఎవడైనా విప్పుతాడ్రా. ఇంజిను ఇంకోటి దొరుకుద్ది."

సాయంత్రం సంచినిండా చీటీలు కట్టిన వైర్లతో బయటికొచ్చా. ఇంజిను అక్కడే ఉండిపోయింది. ఇంటికి తెచ్చింది మాత్రం, నేను తీసేద్దామనుకున్న ఆ పాత ఇంజినే.