బీజింగు నగరమున ఒక పాఠము

న్యాయశాస్త్ర విద్యార్థులమైన మేము ఒక వేసవి సెలవులలో చైనా చట్టమును, అంతర్జాతీయ న్యాయమును అభ్యసించుటకై బీజింగు నగరమునకు వెళ్ళితిమి. తొలిదినముననే ఆచార్యులవారు ‘చట్టము’ అను అర్థమిచ్చు చైనా లిపి సంకేతమును నల్లబల్లపై వ్రాసి, అందు ఎడమవైపున నున్నవి మూడు నీటిబొట్లని చెప్పిరి. చట్టము నీటివలె అందరికిని సమమట్టముగా నుండవలెనని ప్రాచీనుల భావమట.

పిదప పంచశీల ప్రస్తావన వచ్చినది. 1954 ఏప్రిల్ 29న ఆ నగరముననే కుదిరిన భారత–చైనా టిబెట్టు వర్తక ఒడంబడికలో ఆ ఐదు సూత్రములు చేరినవి. అవి ఏవని ఆచార్యులవారు మమ్ము ప్రశ్నించిరి. శాంతియుత సహజీవనము, దురాక్రమణ చేయకుండుట, ఆంతరంగిక వ్యవహారములలో జోక్యము చేసికొనకుండుట అని చెప్పి ఆగిపోతిమి. ప్రక్కనున్న చైనా విద్యార్థిని సార్వభౌమత్వ గౌరవమును, సమానత్వ పరస్పర ప్రయోజనములను చేర్చి పాఠమును పూర్తిగా అప్పజెప్పినది. వారి 1982 రాజ్యాంగ పీఠికలో ఆ సూత్రములున్నవి. మేము సిగ్గుతో తలలు వంచుకొంటిమి.

ఎనిమిదేండ్ల గడువుగల ఆ ఒడంబడిక 1962 జూన్‌లో ముగిసినది. అక్టోబరులో యుద్ధము వచ్చినది. కంఠస్థము చేసినంత మాత్రమున ఆచరించినట్లు కాదు. అయినను, మాటనే మరచినవారు దాని ఆచరణను ఏ ముఖముతో కోరగలరు? మేము మరచినవానిలో ఒకటి సమానత్వము. నీటిబొట్లు చెప్పినదియు అదియే కదా!