కంపెనీవారి పడవ కాలువ

ప్యాపిలిలో బస్సెక్కి కూర్చోగానే పక్క సీటులోని పెద్దాయన నా నీళ్ళ సీసా వంక చూసి, "నిండుగా తెచ్చుకుంటివి, మంచిదే" అన్నాడు. కిటికీలోంచి చూస్తే రాళ్ళగుట్టలు, మెట్టచేలు. డోన్ మీదుగా నంద్యాల చేరి ఆళ్ళగడ్డ దారి పట్టేసరికి పచ్చని వరిమళ్ళు కనిపించాయి. వాటికి నీరిచ్చే కె.సి. కాలువను చూపించి పెద్దాయన, "దీంట్లో పడవలు తిరుగుతుండెనంట, తెలుసునా?" అన్నాడు.

నేను నవ్వబోయి ఆగాను. ఆయన చెప్పింది నిజమే మరి!

కర్నూలు–కడప కాలువను తవ్వించింది ప్రభుత్వం కాదు. లండనులో వాటాదార్లు పెట్టిన మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ. వెనుక నిలబడి ప్రోత్సహించినవాడు మన గోదావరి కాటన్ దొర. డెల్టా కాలువలమీద ధాన్యపు పడవలు సాగడం చూసినవాడు కదా, సీమలోనూ సాగుతాయనుకొన్నాడు. 1860లలో తవ్వకం సాగింది. తుంగభద్రమీద సుంకేసుల ఆనకట్ట కట్టి, కర్నూలు దగ్గర హంద్రీ నదిమీదుగా కాలువను వంతెనపై దాటించి, సుమారు 190 మైళ్ళ దూరం కడపదాకా తెచ్చారు.

సుంకేసుల మెరక, కడప పల్లం. ఆ వాలులో పడవ ఎలా వెళ్ళాలి? అందుకే లాకులు. పడవ రెండు తలుపుల మధ్యకు రాగానే వెనుక తలుపు మూస్తారు. లోపలి నీరు మెల్లగా దిగువకు వదిలితే పడవ కూడా దానితోపాటే కిందికి దిగుతుంది. దిగువ నీటితో సమానమయ్యాక ముందు తలుపు తెరుస్తారు. ఎగువకు పోవాలంటే ఇదే తంతు తిరగేసి. ఓపిక ఉన్నవాళ్ళ ప్రయాణమన్నమాట!

లాభం మాత్రం రాలేదు. నల్లరేగడిలో జొన్న, పత్తి వేసుకొనే రైతు నీటితీరువ కట్టి వరి ఎందుకు వేస్తాడు? 1876–78 కరువులో మాత్రం కాలువ నీటికోసం పరుగెత్తాడు. వానలు పడగానే మళ్ళీ మానుకొన్నాడు. పడవల రాబడి చెప్పుకోదగ్గది కాదు. అయినా వాటాదార్లకు దిగులు లేదు. పది లక్షల పౌన్ల మూలధనంమీద నూటికి 5 వంతున వడ్డీకి ప్రభుత్వమే హామీ! అంటే నష్టం మన పన్నుల్లోంచి. చివరకు 1882లో ప్రభుత్వమే కాలువను కొనుక్కొంది. తరువాత నంద్యాలకు రైలు వచ్చింది. లాకుల దగ్గర ఓపిక పట్టే అవసరం ఎవరికుంటుంది? కొన్నాళ్ళకు పడవలు పోయాయి. నీరు మిగిలింది. ఇప్పుడు రైతులు కీచులాడుకొనేది ఆ నీటికోసమే.

ఇదంతా చెబితే పెద్దాయన సాంతం విన్నాడు.

"వడ్డీ సంగతి ఉండనీ సామీ. ఆ దొర కాలువను మా ప్యాపిలి దిక్కు తిప్పింటే, పడవ లేకున్నా నడిచే పోతుంటిమి" అని, నా సీసా అందుకొని రెండు గుక్కలు తాగి, జాగ్రత్తగా మూత బిగించి ఇచ్చాడు.